సముద్రం వెంబడి దాలమ్మ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరంటే పెద్దదేం కాదు నాన్నా. ఇసక దిబ్బ మీద గుప్పెడు తాటాకు గుడిసెలు, వాటి ముందు ఆరేసిన వలలు, వలల పక్కన కునికే కుక్కలు. అంతే. దాని పేరు గవ్వలపేట.

ఊఁ కొడుతూ వినాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ సగంలోనే ఆగిపోతుంది.

ఆ గవ్వలపేటలో దాలమ్మ అని ఒక పిల్ల ఉండేది. ఆ పిల్లకి అసిరయ్య అని ఒక తమ్ముడు. వాళ్ళయ్య ఒక తుఫానులో వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆ బెంగతో మంచం పట్టి వాళ్ళమ్మా పోయింది. అప్పటికి దాలమ్మకి పైట వేసుకోవడం కూడా కొత్తే. అయినా ఎండుచేపల గంప నెత్తినెత్తుకుని, మెట్ట ఊళ్ళు తిరిగి, నూకలు తెచ్చి తమ్ముణ్ణి సాకింది.

వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. "అప్పా, అప్పా" అంటూ వాడు రోజంతా ఆమె కొంగు పట్టుకునే తిరిగేవాడు.

అలా ఉండగా ఒక ఏడు చేప పడలేదు. ఆ తర్వాతి ఏడూ పడలేదు. మూడో ఏడు ఊళ్ళో సగం పొయ్యిలు వెలగడం మానేశాయి. అప్పుడు తూర్పు దీవులకి పోయే ఓడ ఒకటి దగ్గరి రేవులో ఆగింది. ఆ ఓడ పనివాళ్ళకి పెద్ద, సరంగు, వంటపనికి పిల్లల్ని తీసుకుంటున్నాడని, రెండు పూటలా అన్నం పెడతాడని కబురొచ్చింది.

దాలమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం పెద్దవైపోయాయి. అప్పుడు ఆమె ఇంకేం ఆలోచించలేదు. వాణ్ణి రేవుకి తీసుకెళ్ళి ఓడ ఎక్కించింది.

"నేను తిరిగొచ్చేసరికి నువ్వెక్కడుంటావప్పా?" అని అడిగాడు వాడు.

"ఎక్కడికి పోతాను? ఒడ్డునే ఉంటాను. నువ్వు ఒడ్డు చూసుకుంటూ వచ్చెయ్, నేను కనబడతాను" అంది దాలమ్మ.

ఓడ కదిలింది. కాసేపు గుమ్మడికాయంత కనబడింది, ఆ తర్వాత ఉసిరికాయంత, ఆ తర్వాత ఆవగింజంత. ఆ తర్వాత నీళ్ళే.

ఇక్కడ ఇలా ఉండగా, ఎక్కడో ప్రపంచం రెండు కొసల్లోనూ చలి పుట్టింది నాన్నా. మామూలు చలి కాదు. అక్కడ కురిసిన మంచు కరగడం మానేసింది. దాని మీద మళ్ళీ కురిసింది, దాని మీద మళ్ళీ కురిసింది. సముద్రంలోంచి ఆవిరై పైకెళ్ళిన నీళ్ళు వానై కిందికి రావాలా, వాగై ఏరై సముద్రానికి చేరాలా? చేరలేదు. అక్కడే గడ్డకట్టి కొండల్లా కూర్చున్నాయి. వెళ్ళిన నీళ్ళు వెళ్ళినట్టే ఉండిపోతే సముద్రం ఏమవుతుంది? తగ్గిపోతుంది.

ఈ సంగతి గవ్వలపేటలో ఎవరికి తెలుసు? వాళ్ళకి తెలిసిందల్లా ఒకటే. పొద్దున పాటుకి నీళ్ళు వెనక్కి తీశాయి. సాయంత్రం పోటుకి ముందుకొచ్చాయి. కానీ నిన్న తడిపిన పడవ గుంజని ఇవాళ తడపలేదు. మర్నాడు ఇంకొంచెం కిందే ఆగిపోయాయి.

"దానికేటో అలకొచ్చింది. నాలుగు రోజులు పోతే అదే వస్తాది" అన్నాడు ఊరిపెద్ద.

రాలేదు. మొదట్లో ఊరంతా సంబరపడింది. గుంటల్లో చిక్కుకున్న చేపల్ని ఆడవాళ్ళు గంపలతో ఎత్తుకున్నారు. పీతలైతే అడుగడుగునా దొరికాయి. ఎన్నాళ్ళ ఆకలో, అందరూ కడుపునిండా తిన్నారు. దాలమ్మ కూడా తింది. తింటూ తింటూ మధ్యలో చెయ్యి ఆపేసింది. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే వాణ్ణి పంపేదాన్నే కాదు కదా అనుకుంది.

ఆ తర్వాత చేపలు అయిపోయాయి. బురద ఎండి, పెచ్చులు పెచ్చులుగా లేచి, వాసన కొట్టింది. ఆ తర్వాత ఆ పెచ్చుల మీద ఉప్పు పూసింది. గాలి వీస్తే ఆ ఉప్పుదుమ్ము ఊళ్ళోకి వచ్చి పిల్లల తలలు కూడా ముసలివాళ్ళ తలల్లా తెల్లబడేవి.

సముద్రం కేకవేటు దూరం పోయింది. ఆ తర్వాత కంటికి గీతలా మిగిలింది. ఆ తర్వాత ఆ గీత కూడా పోయింది. అప్పుడు ఊళ్ళో చంటిపిల్లలు నిద్రపోవడం మానేశారు. పుట్టినప్పట్నుంచీ ఆ హోరే కదా వాళ్ళకి జోలపాట. తల్లులు రాత్రంతా "హో, హో" అని నోటితో హోరు చేస్తూ కూర్చునేవారు.

అప్పుడు ఊరిపెద్ద అందర్నీ పిలిచాడు. "మనం సముద్రాన్ని నమ్ముకున్నోళ్ళం. అది ఎక్కడుంటే మనం అక్కడే" అన్నాడు. సరేనని ఊరంతా గుడిసెలు విప్పి, వాసాలూ తాటాకులూ భుజాన వేసుకుని, పడవల కింద దుంగలు దొర్లించుకుంటూ బయల్దేరింది. నిన్నటిదాకా నీళ్ళున్న చోట మనుషులు వరసగా నడిచారు. దాలమ్మ కూడా నడిచింది. నీళ్ళ అంచు దగ్గర కొత్త గవ్వలపేట కట్టారు.

దాలమ్మ తన గుడిసె పక్కన పొడుగాటి వెదురు పాతి, దానికి పాత ఎర్రచీర ముక్క కట్టింది. రోజూ పొద్దుగూకే వేళ ఆ వెదురు కింద నిలబడేది. ఒక్కో తెరచాప కనబడ్డప్పుడల్లా ఆమె గుండె పైకి లేచేది. అది పక్క ఊరి పడవ అయ్యేది.

సముద్రం అక్కడా ఆగలేదు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ గీతలా మిగిలింది.

ఈసారి మెట్ట ఊళ్ళవాళ్ళు కూడా దిగి వచ్చారు. రెండు వానలు పడి ఉప్పు కడుక్కుపోయిన చోట పచ్చగా గడ్డి మొలిచింది. గడ్డి మొలిచిందంటే గొడ్లొచ్చాయి, గొడ్లొచ్చాయంటే మనుషులొచ్చారు. ఎవరిదీ కాని నేల అంత కనబడితే ఎవరు ఊరుకుంటారు? రాళ్ళు పాతుకున్నారు, గట్లు వేసుకున్నారు, గట్ల కోసం కొట్టుకున్నారు.

గవ్వలపేటలో సగం మంది అన్నారు, "ఎన్నాళ్ళని ఈ సముద్రం ఎనకాల పడతాం? నేలుంది, దున్నుకుందాం." వాళ్ళు ఆగిపోయారు. వలలు చింపి పాదులకి కంచె కట్టుకున్నారు. మిగతా సగం మళ్ళీ గుడిసెలు విప్పి నడిచింది. దాలమ్మ ఆ సగంలో ఉంది.

మూడోసారి నడిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఊరిపెద్ద పోయాడు. వయసులో ఉన్నవాళ్ళు ఉత్తరాన కొత్త రేవు ఏదో పుట్టిందని అటు పోయారు. చివరి గుడిసెవాళ్ళు దాలమ్మని కూడా రమ్మన్నారు.

"ఒక్కదానివీ ఇక్కడేం చేస్తావే? ఒడ్డు పోయింది కదా" అంది ఆ ఇంటి ఇల్లాలు.

"ఒడ్డు పోలేదు పిన్నీ, జరిగింది" అంది దాలమ్మ. "ఆడికి ఒడ్డునుంటానని చెప్పాను."

వాళ్ళు వెళ్ళిపోయారు. దాలమ్మ తన నాలుగు వాసాలూ, ఒక కుండా, ఒక చాపా ఎత్తుకుని సముద్రం వెంబడి నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే మనిషి లేడు. ముందుకి చూస్తే నీళ్ళ మెరుపు. పైన ఒక గద్ద తిరుగుతోంది. తన అడుగుల చప్పుడు తనకే వినబడుతోంది. అప్పుడు ఆమెకి అర్థమైంది, ఇంత పెద్ద నేల మీద తన పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇక ఎవరూ లేరని.

సముద్రం చివరికి ఒక చోట ఆగింది. ఎందుకాగిందో దానికే తెలియాలి. ఆ చోట లోతు ఒక్కసారిగా దిగిపోతుంది, అలలు నల్లగా ఉంటాయి. వెదురూ ఎర్రగుడ్డా ఆ దూరానికి ఆనవని దాలమ్మ అక్కడ నెగడు వేసింది. నెగడంటే పెద్ద మంట నాన్నా, చలికాలం వీధుల్లో వేస్తారే, అలాంటిది. పగలంతా మొగలి కంపా, తుమ్మ కంపా, ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెక్కా ఏరేది. పొద్దుగూకేసరికి నిప్పు రాజేసేది. ఆ తర్వాత కూర్చునేది.

రోజూ అదే పని. మాట్లాడ్డానికి మనిషి లేక ఒక్కోసారి నిప్పుతోనే మాట్లాడేది. "ఏటే, ఇవాళ పొగ ఎక్కువ పెడుతున్నావు" అనేది. ఆ తర్వాత తన గొంతు తనకే వింతగా వినబడి నోరు మూసుకునేది.

పున్నమ్మ అని ఒకామె అప్పుడప్పుడూ గాడిదల్ని తోలుకుని వచ్చేది. ఒడ్డున ఉప్పు ఎత్తుకుని పైఊళ్ళకి తీసుకెళ్ళేది. దాలమ్మకి బియ్యం, చింతపండు ఇచ్చేది. లోకం కబుర్లు కూడా ఆమే తెచ్చేది.

"పైన ఏరు చూడాలి నువ్వు" అనేది పున్నమ్మ. "సముద్రం దిగిపోయిందని ఏరు కూడా దిగిపోయింది. నేలని కోసుకుంటూ కోసుకుంటూ లోయలోకి పోయింది. కాలవలన్నీ గట్టు మీద ఎండిపోయి ఉన్నాయి. బావుల్లో చేంతాడు మీద చేంతాడు ముడేసినా కడవ మునగదు."

"వానలు?"

"వానలెక్కడివి? మబ్బు సముద్రం మీద పుడతాది. ఆ సముద్రమే ఇంత దూరమైపోతే, మబ్బు మా ఊరొచ్చేసరికి ఒట్టి చేతులతో వస్తాది."

ఒకసారి పున్నమ్మ గాడిదల్ని ఇంకా కట్టెయ్యకుండానే చెప్పింది. "పాత గవ్వలపేటలో ఎవరో మనిషి దిగాడంట. ఇది గవ్వలపేటేనా అని అడుగుతున్నాడంట."

దాలమ్మ చేతిలో కంప జారిపోయింది. ఒడ్డునుంటానని చెప్పిన మాట గుర్తొచ్చింది. కానీ వాడు అక్కడ ఊరు లేక, మనిషి లేక నిలబడి ఉంటే? ఆమె ఇక ఆగలేకపోయింది. నెగడు అలాగే వదిలేసి నడిచింది. ఒకప్పుడు చేపలు ఈదిన చోట ఇప్పుడు జింకలు మేస్తున్నాయి. ఒకప్పుడు పడవల వాళ్ళు భయపడే రాతిదీవి ఇప్పుడు మామూలు గుట్ట. దాని మీద మేకలు. అన్నీ దాటుకుంటూ పోయి, పాత ఊరి ఇసక దిబ్బ ఎక్కింది.

అక్కడున్న మనిషి తాడు పట్టుకుని నేల కొలుస్తున్నాడు. పాత ఒడ్డు ఎక్కడో తెలిస్తే కొత్త నేల ఎక్కడ మొదలో తెలుస్తుందట. అందుకని ఊరి పేరు అడిగాడు. అంతే.

దాలమ్మ దిబ్బ మీద కాసేపు కూర్చుంది. ఆ తర్వాత లేచి మళ్ళీ నడిచింది. తన చోటికి వచ్చేసరికి నెగడు బూడిదైపోయి ఉంది. ఉప్పు ఎత్తడానికి వచ్చిన ఒక ముసలాయన అన్నాడు, "మొన్న పొద్దుగూకేటప్పుడు ఒక తెరచాప కనబడింది తల్లీ. అటూ ఇటూ తిరిగింది, ఒడ్డున ఎవరైనా ఉన్నారేమోనని చూసినట్టు. ఆ తర్వాత దక్షిణానికి పోయింది."

దాలమ్మ బూడిద కెలికి, నిప్పు మళ్ళీ రాజేసింది. ఆ పడవలో ఎవరున్నారో ఆ రోజూ తెలీదు, ఇప్పటికీ ఎవరికీ తెలీదు. కానీ ఆ రోజునుంచీ ఆమె నెగడు వదిలి కదల్లేదు. జ్వరమొచ్చినా పాక్కుంటూ వెళ్ళి కంప వేసేది.

కాళ్ళు దుప్పట్లోకి తీసుకో నాన్నా. చలేస్తుంది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం దక్షిణం వైపునుంచి ఒక మనిషి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నెగడు దగ్గరికొచ్చి ఆగి, "అప్పా, నేనే. అసిరయ్యని" అన్నాడు.

దాలమ్మ మండే కొరివి ఒకటి పైకెత్తి అతని మొహం చూసింది. గుండెల దాకా తెల్ల గడ్డం. నోట్లో ఒక్క పన్ను లేదు.

"నా తమ్ముడివైతే నాకంటే అంత పెద్దోడివెలా అయ్యావు?" అంది.

అతను తల గోక్కున్నాడు. "ఎండలో నడిచొచ్చానమ్మా" అన్నాడు.

దాలమ్మకి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో, బుగ్గలు నొప్పి పుట్టాయి. అప్పుడు ఆ ముసలాయన కింద కూర్చుని నిజం చెప్పాడు. అతని పేరు కూర్మయ్య. ఈ దేశం దక్షిణపు కొసన, ఇవతలి గట్టుకీ అవతలున్న పెద్ద దీవికీ మధ్య పడవ నడిపేవాడు. సముద్రం వెనక్కి తీశాక ఆ రెంటి మధ్య నేల తేలింది. మొదట మనుషులు నడిచి దాటారు. ఆ తర్వాత బళ్ళు దాటాయి. ఆ తర్వాత ఏనుగుల మంద దాటి దీవిలోకి పోయింది.

"నన్ను దాటించమని అడిగేవాళ్ళే లేకపోయారు" అన్నాడు కూర్మయ్య. "రోజుకి ఎంతమందితో మాట్లాడేవాణ్ణో. పెళ్ళిళ్ళవాళ్ళు, బేరగాళ్ళు, అలిగి పుట్టింటికి పోయేవాళ్ళు. అందరూ నా పక్కనించే నడిచిపోయారు, ఒక్కరూ ఆగలేదు. దారిలో ఎవరో చెప్పారు, ఒడ్డున దాలమ్మ అనే ఆమె తమ్ముడు అసిరయ్య కోసం చూస్తోందని. నాకోసం చూసేవాళ్ళు ఎక్కడా లేరమ్మా. నీ తమ్ముణ్ణని చెప్పుకుంటే, చూసే మనిషి ఒకరుంటారు కదా అనుకున్నాను."

దాలమ్మ కొరివి తిరిగి మంటలో పెట్టింది. "కాళ్ళు కడుక్కో. గంజుంది" అంది.

అతను అక్కడే ఉండిపోయాడు. కంప ఏరేవాడు. ఆమె కళ్ళు మూతపడితే తను మెలకువగా కూర్చుని నీళ్ళవైపు చూసేవాడు. దీవి పెళ్ళిళ్ళ కబుర్లు చెప్పేవాడు. చలికాలం వచ్చింది. ఆ చలి అంతకుముందు ఈ వైపు ఎవరూ ఎరగని చలి. కూర్మయ్య దగ్గి దగ్గి ఒక తెల్లవారుజామున వెళ్ళిపోయాడు. ఉప్పు మోసేవాళ్ళు గొయ్యి తవ్వడానికి సాయం పట్టి, "ఈయన నీకేమవుతాడు?" అని అడిగారు.

"తమ్ముడు" అంది దాలమ్మ. పిడికెడు మట్టి వేసింది.

ఆ తర్వాత ఒంటరితనం ఇంకా బరువైంది. ముందు ఎవరూ లేరు కాబట్టి లేరు. ఇప్పుడు ఒక మనిషి ఉండి పోయాడు. పున్నమ్మ కూడా రావడం మానేసింది. ఏమైందో తెలీదు. కొత్తగా వచ్చే ఉప్పువాళ్ళు ఎవరికీ దాలమ్మ పేరు తెలీదు. నెగడు వేసే ముసలమ్మ కాబట్టి నెగడవ్వ అన్నారు. ఆమె ఆ పేరుకే పలికేది.

ఆమె నడుం వంగింది. జుట్టు ఉప్పులా అయింది. కానీ పొద్దుగూకేసరికి సముద్రానికి ఎదురుగా కూర్చోవడం మాత్రం తప్పలేదు. తమ్ముడు సముద్రం మీద వెళ్ళాడు, సముద్రం మీదే వస్తాడు కదా.

ఒక సాయంత్రం అలాగే కూర్చుని ఉంది. వెనకనుంచి అడుగుల చప్పుడైంది. ఉప్పువాళ్ళే అనుకుని ఆమె తల తిప్పలేదు.

"మంచినీళ్ళున్నాయా అవ్వా?" అన్నాడు ఎవరో.

కుండ చూపించింది. అతను నీళ్ళు తాగి, మంటకి ఇవతల కూర్చున్నాడు. సగం నెరిసిన తల, పగిలిన పాదాలు. మాట తెలుగే కానీ, మధ్యలో ఏవో పరాయి యాసలు తగిలి నిదానంగా వస్తోంది.

"ఏ ఊరు నాయనా?" అంది.

"చెప్పడం కష్టం అవ్వా. తూర్పు దీవులనించి వస్తున్నాను."

"దీవులనించి కాళ్ళమీదా?"

"ఇప్పుడవి దీవులెక్కడివి? నేను పనిచేసిన ఓడ ఒక రేవులో లంగరేసింది. నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ ఓడ బురదలో ఒరిగిపోయింది. ఆ తర్వాత బురద మైదానమైంది. దీవులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే నేలైపోయాయి. మధ్యలో ఏర్లు పుట్టాయి, అడవి మొలిచింది. పులులు ఈ దీవినించి ఆ దీవికి నడిచాయి. ఇక ఓడలు రావని తెలిశాక నేనూ నడిచాను. ఉత్తరానికి నడిచి, పడమరకి తిరిగి, కొత్త తీరం పట్టుకుని మళ్ళీ దక్షిణానికి దిగాను. మూడు దేశాల భాషలు నేర్చుకున్నాను. కొన్నాళ్ళు ఒక ఊళ్ళో గొడ్లు కాశాను, కొన్నాళ్ళు ఇంకో ఊళ్ళో రాళ్ళు కొట్టాను. మళ్ళీ నడిచాను."

"ఇంత దూరం దేనికి నడిచావు?"

"గవ్వలపేట అని మా ఊరు. ఆ దిబ్బ మీద ఇప్పుడు ఎవరూ లేరు. ఆ ఊరివాళ్ళు ఎటు పోయారని అడిగితే, ఒడ్డున నెగడవ్వ ఉంటుంది, పాతమనిషి, ఆమెకి తెలిసుండొచ్చు అన్నారు. మా అప్పని వెతుకుతున్నాను. పేరు దాలమ్మ."

ఆమె చెయ్యి మంటమీదే ఆగిపోయింది. ఆ పేరు ఎవరి నోటైనా విని ఎన్నేళ్ళయిందో. కానీ కూర్మయ్యకి కూడా ఆ పేరు తెలుసు. దారిలో ఎవరైనా చెప్పి ఉండొచ్చు.

"దాలమ్మలు ఈ వైపు ఇంటికొకరుంటారు. మీ అప్ప ఎలా ఉండేది?"

"పొడుగ్గా" అన్నాడు వెంటనే. "చాలా పొడుగు అవ్వా. తాటిచెట్టంత మనిషి. తలెత్తి చూస్తేగాని మొహం కనబడేది కాదు. అంత పొడుగు మనిషిని ఎవరైనా చూస్తే మరిచిపోరని, దారంతా అదే గుర్తు చెప్పి అడిగాను. ఎవరూ చూడలేదన్నారు."

దాలమ్మ గుండె మెల్లగా కిందికి దిగిపోయింది. తనెప్పుడూ పొడుగు కాదు. వయసులో ఉన్నప్పుడే గుడిసె చూరు అందక పీట వేసుకునేది. ఈయన వెతికే దాలమ్మ వేరు. ఈయన ఎవరి తమ్ముడో పాపం, ఆమె ఎక్కడుందో.

"తెలీదు నాయనా" అంది. "గంజి తాగి పడుకో. పొద్దున వెళ్దువుగాని."

గంజి ముంత అతని ముందు పెట్టింది. అతను తాగలేదు. ముంతలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరైనా ఏదైనా తినమని పెడితే నాకు ఓడ ఎక్కిన రోజు గుర్తొస్తాది" అన్నాడు. "ఆ పొద్దున ఇంట్లో గింజ లేదు. తెల్లారకముందే అప్ప నన్ను లేపి, ఆకు ముందు కూర్చోబెట్టింది. నూనైపోయింది, దీపం లేదు, చీకట్లోనే తినెయ్యరా అంది. కుండలో తెడ్డు గరగరా గీకింది, ఆకులో పెట్టినట్టు చప్పుడు చేసింది. నేను ఆకులో చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. నేనూ ఏమీ అనలేదు. చెయ్యి నోటికీ ఆకుకీ తిప్పాను. వేళ్ళు నాకాను. కడుపు నిండిందని చెప్పి గట్టిగా త్రేన్చాను. పాపం, నమ్మేసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకి ఇప్పటికీ తెలీదు."

మంట చిటపటమంది.

"నమ్మలేదు" అంది దాలమ్మ.

"ఏటి?"

"నువ్వు త్రేన్చావు చూడు, అది అబద్ధపు త్రేనుపని నాకప్పుడే తెలుసు. నువ్వు అంత నటిస్తుంటే మధ్యలో ఏటంటాను? చీకట్లో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను."

అతను లేచి నిలబడ్డాడు. మంట చుట్టూ తిరిగి ఆమె ముందుకొచ్చాడు. వంగిన నడుం, తెల్లజుట్టు, పుల్లల్లాంటి చేతులు పై నుంచి కిందికి చూశాడు. ఆమె కూడా లేచి నిలబడింది. తల అతని గుండె దాకా కూడా రాదు.

"కానీ మా అప్ప పొడుగ్గా..." అని ఆగిపోయాడు.

"నేనెప్పుడూ పొడుగు కాదురా అసిరీ" అంది దాలమ్మ. "నువ్వప్పుడు ఇంతే ఉండేవాడివి."

చెయ్యి చాపి, తన నడుం దగ్గర, వాడి ఎత్తు చూపించింది.

సముద్రం అంచుకి,
కథేమో కంచికి,
కునుకు నీ కంటికి,
మనమంతా ఇంటికి.